నల్లరాయి దాటి

దిగువ నుంచి ఢోలు చప్పుడు వినపడగానే గుమాన్ సింగ్ కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. దేవదారు చెట్ల మలుపు అది. అక్కడి నుంచి ఊరి పలకరాళ్ళ కప్పులు కనిపిస్తాయి, కప్పుల మీద ఆరబోసిన మొక్కజొన్న పసుపు కనిపిస్తుంది, నందాదేవి గుడి ముంగిట్లో గుమిగూడిన ఆడవాళ్ళ తలగుడ్డల ఎరుపు కనిపిస్తుంది. ఇంకో గంట దిగితే ఊరే. వాళ్ళింకా తనని చూడలేదు. చూస్తే కొమ్ముబూర ఊదుతారు, పిల్లలు ఎదురు పరిగెత్తుకొస్తారు, ఇక వెనక్కి తిరగడానికి ఉండదు. తిరిగి మాత్రం ఎక్కడికి పోతాడు? కాసేపు కూర్చుందామన్నా కూర్చోడానికి లేదు, వీపు మీద బుట్ట ఉంది, కొండ మీద పువ్వు బుట్టలో పడిన దగ్గర నుంచి దేవి ముంగిలి చేరేదాకా అది నేలకి తగలకూడదు, దేవికి పువ్వు మోసే ఫులారీ చెప్పులు తొడగకూడదు, దారిలో ఎవరు పలకరించినా బదులు చెప్పకూడదు. ఆ చివరి నియమమే తనని కాపాడుతోంది. పొద్దున గొర్రెల కాపరి ఒకడు ఎదురై, దొరికాయా అన్నట్టు చెయ్యి తిప్పి అడిగితే, తలొంచుకుని పక్కనుంచి వచ్చేశాడు. నియమం కొద్దీ మాట్లాడలేదనుకుని ఆ కాపరి బుట్టకి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం వీపులో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

బుట్ట తేలిగ్గా ఉంది. అంత తేలిగ్గా ఉండటమూ సిగ్గే. నాన్న మోసిన బుట్టలు బరువుగా ఉండేవి, దిగేటప్పుడు నాన్న మెడనరాలు తాళ్ళలా ఉబ్బేవి, బుట్ట మూత సందుల్లోంచి వచ్చే వాసనకి వెనకాల నడుస్తున్న తనకి తల తిరిగేది, ముక్కుకి గుడ్డ కట్టుకోరా అని నాన్న నవ్వేవాడు. అప్పుడు ఆ పచ్చిక బయలంతా పువ్వులే. లేత పసుపుపచ్చ రేకులు పడవలా ముడుచుకుని లోపల ఊదారంగు ముద్దని దాచుకుని, రాళ్ళ మధ్య నిలబడిన బ్రహ్మకమలాలు, పొగమంచులో దీపాలు పెట్టినట్టుండేవి. గుంపులో అన్నిటికన్నా పెద్దదాన్ని ముట్టుకోవద్దు, అది తల్లి, అనేవాడు నాన్న. తెంపడానికి ఇనుము తగలనిచ్చేవాడు కాదు, రెండు వేళ్ళతో కాడ పట్టుకుని, పాలు తాగే దూడని పొదుగు నుంచి తప్పించినంత మెల్లగా తిప్పేవాడు. తిప్పుతుంటే చిన్న చప్పుడయ్యేది. ఆ చప్పుడు గుమాన్‌కి ఇప్పుడూ చెవిలో ఉంది. మరి నిన్న విన్న చప్పుడు? అది వేరు. దాన్ని తలుచుకోకూడదు, ముందు ఈ మెలిక దిగాలి, ఇక్కడ రాళ్ళు తడిగా ఉన్నాయి, కాలు జారితే బుట్ట నేలకి తగులుతుంది, తగిలినా బాగుండు, తగిలి పువ్వు మైలపడితే పారెయ్యొచ్చు, ఛీ, ఇదేం ఆలోచన.

నిన్న ఆ పచ్చిక బయలుని చూసి ముందు దారి తప్పాననుకున్నాడు. మడమలదాకా కూడా ఉండని గడ్డి మోకాళ్ళదాకా వచ్చింది. కింద ఎక్కడో ఉండే ముళ్ళ పొదలు పైదాకా ఎక్కి కూర్చున్నాయి, చుట్టాల ఇంట్లో చెప్పకుండా దిగిన మనుషుల్లాగా. పువ్వు లేదు. రాళ్ళ పక్కన అక్కడక్కడా గోధుమరంగు కాడలున్నాయి, రేకులు ముట్టుకుంటే పాతకాగితంలా పొడైపోయాయి, లోపల విత్తనం కూడా పట్టలేదు, తాలు. ఎప్పుడో ముందే పూసి ఎండిపోయాయి. మాఘంలో పడాల్సిన మంచు పడలేదు, మంచు పడాల్సిన రోజుల్లో వాన పడింది. పువ్వు మంచు మాట వింటుంది, దేవి తిథి మాట వింటుంది. అష్టమికి నంద పుట్టింటికి, ఈ ఊరికి, వచ్చేసరికి పువ్వు చూసి చూసి పోయింది. ఆ మధ్య చదువుకున్న అమ్మాయి ఒకతి వచ్చి ఊరిపెద్ద పధాన్ అరుగు మీద కూర్చుని ఈ మాటే చెప్పింది, కింద వేడి పెరిగేకొద్దీ మొక్కలు చల్లదనం వెతుక్కుంటూ పైకి పోతాయట. పోతే పోనీ, మేమూ పైకెక్కి కోసుకొస్తాం, మాకు కాళ్ళు లేవా, అన్నాడు తను. పైకీ పైకీ పోతే ఒకచోట కొండే అయిపోతుంది కదన్నా, అంది ఆ అమ్మాయి. అందరూ నవ్వారు. కొండ అయిపోవడమేమిటి, ఊళ్ళో అందరికన్నా గట్టిగా నవ్వినవాడు తనే. అందరికన్నా గట్టిగా నవ్వడం తనకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

బచన్ కాకా విషయంలోనూ అంతే. పోయినేడు ఫులారీ వంతు కాకాది. నాన్నతో కలిసి ఎన్నోసార్లు కొండెక్కిన మనిషి, నాన్న పోయాక తనకి గొర్రె ఉన్ని కత్తిరించడం, ఈనేటప్పుడు మేకపిల్ల కడుపులో అడ్డం తిరిగితే సరిచెయ్యడం నేర్పిన మనిషి. ఖాళీ బుట్టతో వచ్చాడు. పధాన్ ఉమ్మేద్ సింగ్ మూత తీసి చూసి, బుట్టని తలకిందులు చేసి, ఏమయ్యా బచన్, పువ్వులేవి, అంటే, లేవు, అన్నాడంతే. ఆడవాళ్ళు పాట మధ్యలో ఆపేశారు. పుట్టింటికొచ్చిన పిల్లని ఒట్టి చేతులతో ఎలా పంపుతామని భవానీ పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు టీకొట్టు దగ్గర అదే మాట, నోము తప్పాడేమో, బీడీ కాల్చాడేమో, కడుపులో మాంసం పెట్టుకుని ఎక్కాడేమో. ఎవరూ గట్టిగా అనలేదు. అప్పుడు తను అన్నాడు, గ్లాసు చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని, తూలుతున్నట్టు నటించి మరీ అన్నాడు:

"కాకాని ఏమీ అనకండర్రా. పువ్వులుండే ఉంటాయి, కాకానే లేడు. రెండు గుక్కలు పడ్డాక మనిషెక్కడుంటాడు, పువ్వెక్కడుంటుంది!"

టీ పొంగి పొయ్యిలో పడేంతగా నవ్వారు. కొట్టువాడు కళ్ళు తుడుచుకున్నాడు. తను వెనక్కి తిరిగితే, గుమ్మం బయట ఉప్పు సంచి భుజాన పెట్టుకుని కాకా నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో. సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు, అంతే. ఆ మాట ఊళ్ళో అందరి నోళ్ళలో నానింది. ఆ శరత్తులో వడగళ్ళు పడి రాజ్మా పంట పోతే అదీ కాకా మీదే పెట్టారు. పెళ్ళి విందుల్లో కాకా పక్కన చోటు ఖాళీగా ఉండేది, వడ్డించేవాళ్ళు ఆ ఖాళీని దాటుకుని పోయేవాళ్ళు. గుమాన్ ఒకసారి వెళ్ళి పక్కన కూర్చుందామనుకున్నాడు. అనుకున్నాడంతే. అనుకోవడం లెక్కలోకి వస్తుందా?

కొమ్ముబూర ఇంకా మోగలేదు. వాగు దగ్గరికి వచ్చేశాడు. వాగు కూడా మారింది, ఈ రోజుల్లో మోకాలిదాకా ఉండాల్సిన నీళ్ళు బురదరంగులో నడుం దాకా ఉన్నాయి, పైన మంచుగడ్డ కరిగి కరిగి ఇటే దిగుతోంది. దుంగ మీద దాటుతూ మధ్యలో ఆగాడు. ఇక్కడ బుట్ట మూత తీసి పువ్వుని నీళ్ళలో వదిలేస్తే? నేలకి తగలదు, నీళ్ళకే తగులుతుంది. కాకాలాగే వెళ్ళి, లేవు, అంటే చాలు. ఒక్క మాట. కాకా ఏడాది పాటు మోసిన మాట. టీకొట్టు దగ్గర తన మీద ఎవడు వేస్తాడు ఆ మొదటి జోకు? అక్కడి జతగాడు రఘువీరు వేస్తాడు, వాడు కాచుకునుంటాడు. కొట్టువాడు అలాగే కళ్ళు తుడుచుకుంటాడు. కింద దుంగ నీళ్ళ జోరుకి ఊగుతోంది. దాటేశాడు. ఇవతలి ఒడ్డున పడ్డాక తెలిసింది, వదిలేద్దామని ఆగలేదు తను, వదిలెయ్యలేనని తేల్చుకోవడానికి ఆగాడు.

బయల్దేరే ముందురోజు కాకా వచ్చాడు. ఆ ఏడాదిలో మొదటిసారి తనంతట తాను మాట్లాడాడు, చేనుగట్టు అవతల నిలబడి, గడ్డి కొడవలి చేతులు మార్చుకుంటూ.

"గుమానూ, పచ్చిక బయలు చూసుకుని వచ్చెయ్. దాని పైనున్న నల్లరాయి దాటి వెళ్ళకు."

"ఏం కాకా, అక్కడేముంది?"

"రాళ్ళు జారతాయి. మీ నాన్న పేరు చెప్పి అడుగుతున్నా, దాటకు."

కాకా వెళ్ళగానే తను భార్య సరూలీతో అన్న మాట గుర్తొచ్చి గుమాన్ నడుస్తూ నడుస్తూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముసలాడి ఏడుపు చూశావా, తను ఒట్టిచేతులతో వచ్చాడని నన్నూ ఒట్టిచేతులతో దిగమంటున్నాడు, దాటొద్దన్నాడంటే అక్కడే ఉందన్నమాట. సరూలీ రొట్టె కాలుస్తూ, ఆయన అలాంటివాడు కాదు, అంది. నీకేం తెలుసు, అన్నాడు తను.

అందుకే దాటాడు. నిన్న పచ్చిక బయలంతా వెతికి వెతికి, పొద్దు వాలుతుంటే, చలికి పెదాలు పగిలి, కాకా దాటొద్దన్నాడు కాబట్టే నల్లరాయి దాటాడు. అవతల అంతా పిండిరాయి, అడుగు పెడితే కిందికి జారేది, కాకా అబద్ధం చెప్పలేదు. చేతులతో పాకుతూ ఎక్కాడు. మంచుగడ్డ అంచు కింద చల్లటి గాలి తగిలేచోట, రెండు బండల నెర్రెలో ఉంది. ఒక్కటి. ఒక్కటే పువ్వు, తాజాగా, రేకుల అంచుల మీద నీటి బొట్లతో, లోపల ఊదారంగు ఇంకా బిగువుగా. తల్లి అదే, బిడ్డా అదే. గాలికి ఆ వాసన ఒక్కసారి ముక్కుకి తగిలి నాన్న పక్కన నిలబడ్డట్టయ్యింది. మోకాళ్ళ మీద పడి దణ్ణం పెట్టాడు. ఎవరికి పెట్టాడు? దేవిని తలుచుకున్నాడా? లేదు. రఘువీరు ముఖం తలుచుకున్నాడు. ఉమ్మేద్ సింగ్ మూత తీసే క్షణం తలుచుకున్నాడు. ఈ పువ్వు దేవి కోసం కాదు, టీకొట్టు కోసం. చెయ్యి చాచాడు. చలికి వేళ్ళు మొద్దుబారాయి, తిప్పుదామంటే పట్టు దొరకలేదు, లాగాడు. తెగిన చప్పుడు కాదది. గుడ్డ చినిగినట్టు, లోపల్నుంచి. కాడతో పాటు వేరు సగం ఊడి వచ్చింది, మట్టితో సహా. మిగతా సగం నెర్రెలో తెల్లగా మెరిసింది. ఊడినదాన్ని తిరిగి అందులో కుక్కబోయాడు, వేలితో మట్టి నొక్కాడు, ఉమ్మితో తడిపాడు, ఏడుస్తూ కాబోలు. అక్కడ మట్టి ఎంతని? చిటికెడు. అప్పుడు చూశాడు చుట్టూ ఉన్న రాళ్ళని. పువ్వుకి దిగువవైపు పలకరాళ్ళు నిలబెట్టి ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, మట్టి జారిపోకుండా, గొర్రె మూతి దూరకుండా. పైన ఒక వెడల్పు రాయి, మధ్యాహ్నపు ఎండ పడకుండా చూరులాగా. ఆ చూరు కింద కొసకి ఎర్రటి పూజదారం, ఎండకీ మంచుకీ వెలిసిపోయి. పోయినేటి ఫులారీ మణికట్టుకి దేవి ముందు కట్టిన దారం.

అప్పుడు చూశాడా? అప్పుడే చూశాడా? ఊరి మొదటి చేను గట్టు మీద కాలు పెడుతూ గుమాన్ తనని తాను అడిగాడు. రాళ్ళ గోడ అంత ఎత్తున ఉంటే, మోకాళ్ళ మీద పడి దణ్ణం పెట్టినవాడికి కనపడదా? పువ్వు అందుకోవడానికి ఒక పలకరాయిని పక్కకి జరిపాడు కూడా. ఎడమచేత్తో జరిపాడు. చల్లగా తగిలింది. రాళ్ళు వాటంతట అవి అలా నిలబడవని తెలుసు, మంచు తోసి ఉంటుందిలే అని మనసులో ఎవరో అన్నారు, ఆ ఎవరో తనే. చూశాడు. ముందే చూశాడు. చూసే లాగాడు. కాకా పోయినేడు ఇంత దూరం పాకి, ఈ పువ్వుని చూసి, ముట్టుకోకుండా, మొద్దుబారిన ఆ ముసలి చేతులతో రాళ్ళు మోసి పేర్చి, చేతికున్న దారం విప్పి కట్టి, కొండ దిగి వచ్చి, లేవు, అన్నాడు. ఉంది అని ఒక్కడికి చెప్పినా మర్నాడు ఎవడో ఒకడు ఎక్కుతాడని తెలిసి, లేవు, అన్నాడు. ఆ తర్వాత ఉప్పు సంచి భుజాన పెట్టుకుని గుమ్మం బయట నిలబడి తన జోకు విన్నాడు.

కొమ్ముబూర మోగింది.

పిల్లలు పరిగెత్తుకొచ్చారు. వచ్చాడు వచ్చాడు అని అరుస్తూ ముందూ వెనకా దూకుతున్నారు. ఢోలు దెబ్బ మారింది, పెళ్ళికూతురిని ఎదుర్కొనే దెబ్బ అది, గుండెని పట్టి లాగేది. దారి పొడుగునా గుమ్మాల్లో ఆడవాళ్ళు బియ్యం చల్లారు, గింజలు తల మీద, మెడ మీద, చొక్కాలోకి. ముంగిట్లో నంద విగ్రహానికి కొత్త ఎర్రచీర కట్టారు, నాలుగు దోసకాయలూ, మొక్కజొన్న పొత్తులూ ముందు పెట్టారు, పిల్ల అత్తారింటికి తీసుకెళ్ళే సారె. భవానీ పెద్దమ్మ పాట ఆపకుండానే మెడ చాచి బుట్ట వైపు చూస్తోంది. జనం వెనక, గొడ్లచావిడి గోడకి చేరబడి, బచన్ కాకా.

ఉమ్మేద్ సింగ్ బుట్టని గుమాన్ వీపు మీద నుంచి తనే ఎత్తుకున్నాడు. ఆ తేలికకి ఆయన మొహం మాడింది. మూత తీసి, భూర్జపత్రం పొర విప్పాడు. ముంగిలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది.

"ఉందే! అమ్మా, ఉందే! ఒక్కటైనా ఉంది!" అని భవానీ పెద్దమ్మ చేతులు జోడించి కూలబడింది. "నా తల్లి ఒట్టిచేతులతో పోదు ఈ ఏడు."

ఉమ్మేద్ సింగ్ గుమాన్ నుదుట కుంకుమ, బియ్యం అద్దాడు. ఇక మాట్లాడొచ్చు. "నీ నోము గట్టిదిరా. మీ నాన్న పేరు నిలబెట్టావు. పోయినేడు చూశాం కదా..." అని గొడ్లచావిడి వైపు చూసీ చూడనట్టు చూశాడు.

ఆ చూపు దగ్గర గుమాన్ నోరు తెరుచుకుంది. "పధాన్‌జీ, పోయినేడు కాకా కూడా చూశాడు దీన్ని. ఇదే మొక్క. చూసి, కోయకుండా వదిలేసి వచ్చాడు. చుట్టూ గోడ కట్టాడు. నేనే లాగేశాను."

ఉమ్మేద్ సింగ్ నవ్వి గుమాన్ భుజం తట్టాడు. "విన్నారర్రా? కష్టపడి తెచ్చింది తను, ముసలాయన పరువు కూడా కాపాడుతున్నాడు. చూసి కోయకుండా ఎవడైనా వస్తాడా!"

"పెద్ద మనసయ్యా నీది" అంది ఎవరో ఆడమనిషి. రఘువీరు కూడా, జోకు వేస్తాడనుకున్న రఘువీరు, చెమర్చిన కళ్ళతో వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"కాదు, నిజంగానే..." అన్నాడు గుమాన్. ఢోలువాళ్ళు అందుకున్నారు. తన మాట తనకే వినపడలేదు.

పువ్వుని పళ్ళెంలో పెట్టారు. ఒక్కొక్కరే వచ్చి మొక్కుతున్నారు. వరస చివర కాకా వచ్చాడు, అందరిలాగే టోపీ తీసి, అందరిలాగే వంగాడు. వంగినవాడు వెంటనే లేవలేదు. కాడ చివర చినిగిన వేరుముక్కని, దానికి ఎండి అంటుకున్న మట్టిని చూస్తున్నాడు. బొటనవేలితో ఆ మట్టిని ముట్టుకున్నాడు.

"వేరు కూడా వచ్చేసిందా."

"చేతులు మొద్దుబారిపోయాయి కాకా."

"ఊఁ. అక్కడ చలి అలాగే ఉంటుంది." మట్టి మీంచి వేలు తీసి అడిగాడు, "పక్కన పిల్లమొక్కలేమన్నా కనపడ్డాయా? నెర్రె కిందివైపు?"

చూడలేదు. కాకా అడిగేదాకా చూడాలని కూడా గుమాన్‌కి తోచలేదు. పువ్వు చేతిలో పడగానే దిగడం మొదలుపెట్టాడు.

"చూడలేదు కాకా."

"సరేలే. రేపు నేను వెళ్ళి చూసొస్తా."

"మీ మోకాళ్ళతో ఏం వెళ్తారు, నేనూ వస్తాను కాకా, రాళ్ళు మోస్తాను..."

"నువ్వు రావద్దు" అన్నాడు బచన్ కాకా. గొంతులో కోపం లేదు. చేనుకి నీళ్ళు కట్టే వేళ పక్కచేనువాడికి చెప్పినంత మామూలుగా చెప్పి, టోపీ పెట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ తన ఇంటి సందులోకి వెళ్ళిపోయాడు.

గుమాన్‌ని పీట మీద కూర్చోబెట్టారు. సరూలీ ఇత్తడి చెంబుతో వేడినీళ్ళు తెచ్చి కాళ్ళు కడుగుతోంది. కాళ్ళ కింద పెట్టిన పళ్ళెంలో మట్టి నీళ్ళు నిండుతున్నాయి. ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఆ నీళ్ళలో వేళ్ళు ముంచి కళ్ళకద్దుకుంటున్నారు, పిల్లల నుదుళ్ళకి రాస్తున్నారు. కాళ్ళు వెనక్కి తీసుకుందామని చూశాడు. సరూలీ మడమ గట్టిగా పట్టుకుని ఉంది. ఆమె తలెత్తి అతని ముఖం చూసి చెయ్యి ఆపింది.

"ఏంటయ్యా, ఏడుస్తున్నావా? ముల్లు దిగిందా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా జాలిగా ముందుకి వంగారు.

"ఊఁ" అన్నాడు గుమాన్ సింగ్.

సరూలీ చెంబు పక్కన పెట్టి, అతని పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, కొంగుతో తుడిచి, ముల్లు కోసం అరికాలంతా వెతకడం మొదలుపెట్టింది.